అవ్వ బురద చూసేది

ఎండాకాలం వాగు సన్నబడగానే మా ఊళ్ళో ఇసుకలో గుంట తోడి, అందులో ఊరిన నీళ్ళు తాగేవాళ్ళం. ఆ చెలిమె ఎక్కడ తోడాలో వాడకట్టుకంతా చెప్పేది మా అవ్వే. వాగు అంచున చారెడు బురద తీసి, జల్లెడలో వేసి నీళ్ళలో ఆడించి, మిగిలిన పురుగునూ నత్తనూ చూసేది. కదిలేది ఏదైనా ఉంటే "ఈడ తోడుండ్రి" అనేది. ఆమె పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు.

ఎగువన తోళ్ళ కార్ఖానా పెట్టిన తర్వాతి వేసవిలో వాగు నీళ్ళు చాయ్ రంగుకు తిరిగాయి.

"వాసనొస్తున్నయే. దూరమైతే అయింది, పొలం బాయి నీళ్ళు తెచ్చుకుందాం," అన్నాడు అవ్వ కొడుకు, మా బాపు.

అవ్వ జల్లెడ తెచ్చి ఆయన ముక్కు కింద పెట్టింది. దారప్పోగుల్లాంటి ఎర్రటి పురుగులు, మునుపెన్నడూ లేనన్ని, మసులుతున్నాయి.

"చూడు, ఎంత పురుగున్నదో! పురుగు బతికే నీళ్ళు మనిషినేం జేస్తయి? నువ్వు ముక్కు మూసుకొని కూసో."

బాపు నోరు కూడా మూసుకున్నాడు. అందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే.

నా చెల్లెలికి అప్పుడప్పుడే మాటలొస్తున్నాయి. చెలిమె దగ్గర దోసిలి పట్టి "ఇంక, ఇంక" అంటూ తాగేది. ఒక పొద్దున కక్కుడూ పారుడూ మొదలయ్యాయి. కరీంనగర్ దవాఖానకు పోదామని బాపు బండి కట్టేలోపే పిల్ల చల్లబడిపోయింది. దిష్టి తగిలిందన్నది అవ్వ. నీళ్ళ మాట ఎత్తిన వాళ్ళందరితోనూ కొట్లాడింది.

నేను పెద్దదాన్నయ్యాక, కాలేజీలో చదువు చెప్పే సారొకాయన జల్లెడ, సీసాలు పట్టుకుని మా వాగుకు వచ్చాడు. అచ్చం తనలాగే బురద ఆడిస్తుంటే చూసి అవ్వకు నవ్వొచ్చింది.

"మస్తున్నయి గదా సారూ?"

"ఇవే ఉన్నయమ్మా, ఇంకేం లేవు. నీళ్ళు మురిగితేనే ఈ ఎర్రవి గిట్ల పెరుగుతయి. మంచి నీళ్ళయితే రాళ్ళ కింద మూడు తోకల పురుగులుంటయి. నీళ్ళు చెడితే ముందుగాల అవే పోతయి."

ఆయనకేం తెలుసు, పాపం. చెప్పి, సీసాకు మూత బిగించుకున్నాడు.

అవ్వ ఇసుకలోనే కూలబడింది. "ఉండేటివి బిడ్డా, మూడు తోకలవి. నీళ్ళల్ల నిలబడితే కాళ్ళకు పాకేటివి. ఆ యేడు కనబడకుంటే పీడ పోయిందనుకున్న."

"పోదాం పా అవ్వా," అన్నాను.

"ఉన్నయే చూసిన. పోయినయి చూడకపోతి."

నేను రెక్క పట్టి లేపబోతే బావురుమంది. చెల్లెల్ని పూడ్చిన నాడు కూడా అవ్వ అట్లా ఏడవలేదు.