చచ్చిన మేకను పులి తినాలి

ఉదయం ఏడు ఇరవైకి హెలికాప్టర్ నన్ను దించి, రెక్కలు ఆపకుండానే వెళ్ళిపోయింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో. పద్దెనిమిది వేల అడుగుల ఎత్తున, మంచులో సైన్యం పోస్టు. ఒక ఫైబర్ గుడిసె, ఒక కిరసనాయిలు పొయ్యి, ఒక రేడియో, నాతో కలిపి తొమ్మిదిమంది. తొంభై రోజుల డ్యూటీ.

మాది కుందుర్పి దగ్గర పల్లె. మా బావిలో నీళ్ళు కనపడాలంటే తల లోపలికి వంచి, చీకటికి కళ్ళు అలవాటు పడేదాకా ఆగాలి. ఆ పోస్టు చుట్టూ నీళ్ళు గట్టిపడి కొండలై నిలబడి ఉన్నాయి. ఆకాశం దాకా నీళ్ళే. నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. పోస్టు కమాండరు హవల్దారు వచ్చి, నోరు ముయ్యకపోతే నాలుక గడ్డకడుతుందన్నాడు.

నేను చెప్పేవాటిలో సగం కోతలని మా ఊళ్ళో అందరికీ తెలుసు. మంచు చిరుతతో బీడీ పంచుకున్న సంగతి ఆ సగంలోది. ఇది మిగతా సగంలోది.

మా జిల్లావాళ్ళం అక్కడ ముగ్గురం. వంటవాడిది గుంతకల్లు, వాళ్ళ నాయన రైల్వేలో పనిచేసేవాడు. రేడియో ఆపరేటరుది కొత్తచెరువు. ఇరవై నాలుగేళ్ళవాడు, మంచి మాటకారి. ఆ ఎత్తులో ముందు ఆకలి చచ్చిపోతుంది. మాకందరికీ సగం చచ్చింది, అతనికి పూర్తిగా చచ్చింది. నలభయ్యో రోజుకి తిండి మానేశాడు, నలభై రెండో రోజుకి మాట మానేశాడు. అదే రోజు తుపాను దిగింది. హెలికాప్టర్ రాదు. హవల్దారు ఆర్డరు వేసి రెండు రొట్టెలు తినిపించాడు. పది నిమిషాల్లో రెండూ బయటికి వచ్చాయి.

కింద క్యాంపులోని డాక్టరు రేడియోలో చెప్పినవి మూడే ముక్కలు. "కడుపులో ఏదో ఒకటి నిలవాలి. లేకపోతే నాలుగు రోజులకు మించి చెప్పలేను. బలవంతం చెయ్యకండి."

నా సంచిలో, అదనపు మేజోళ్ళలో, దొంగతనంగా తెచ్చిన వేరుశెనక్కాయలు ఉన్నాయి. నాయన ఇచ్చినవి. ఊరికే ఇస్తే ఆపరేటరు తినడని తెలుసు. అందుకే రేషన్ అట్టపెట్టె చింపి, పొయ్యి మసితో పులి-మేక పటం గీశాను. అయిపోయిన రేడియో బ్యాటరీ సెల్లులు మూడు పులులు. పదిహేను కాయలు మేకలు. మేకను దాటి దూకితే పులి దాన్ని చంపినట్టు. పులులకు కదిలే దారి లేకుండా చుట్టూ మేకలు నిలిస్తే పులులు ఓడినట్టు.

మా వైపు ఇంకో కట్టుబాటు ఉంది. పంట పండిన ఏడాది మేకలు శెనక్కాయలే. చచ్చిన మేకను పులి ఆడేవాడు అక్కడే ఒలుచుకుని తినాలి. తినకపోతే ఆ మేక లేచి మళ్ళీ పటం ఎక్కుతుంది. పండని ఏడాది గులకరాళ్ళతో ఆడతారు. నేను ఎక్కువగా రాళ్ళతోనే ఆడాను.

పటం చూసి ఆపరేటరు లేచి కూర్చున్నాడు. పులులు తనవన్నట్టు సెల్లులు దగ్గరికి లాక్కున్నాడు. అక్కడ నేనొక వెధవ పని చేశాను. మేకలాటలో మా ఊళ్ళో నన్ను మించినవాడు లేడు. ఆ పొగరుతో ఒక్క మేకనూ పోగొట్టుకోకుండా, అరగంటలో మూడు పులులనూ కట్టేశాను.

వంటవాడు గరిటె పొయ్యి మీద పెట్టి నా చెవి దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా, పులుల్ని బాగా కట్టేసినావులే. వాడు తినిందేమి? గాలి."

రెండో ఆటలో సిగ్గుపడి మేకను తెచ్చి పులి నోటి ముందు పెట్టాను. ఆపరేటరు దూకలేదు. మూడు రోజుల తర్వాత మొదటిసారి మాట్లాడాడు.

"ఊరికే ఇచ్చిన మేకను పులి ముట్టదన్నా. ఆడితే సరిగ్గా ఆడు. లేకుంటే పండుకుంటా."

మూడో ఆట నిజంగా ఆడాం. ప్రాణం అరచేతిలో ఉన్నవాడితో నిజంగా ఆడటమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. గెలవాలనే ఎత్తు వేస్తాను, అతను తప్పించుకోవాలని లోపల మొక్కుకుంటాను. బయట గాలికి గుడిసె ఊగుతోంది. పదకొండో మేక పెట్టినప్పుడు నాకు ఒక మూల కనపడలేదు. అతనికి కనపడింది. సెల్లు ఎత్తి దూకించాడు.

తర్వాత కాయను చేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. తినకపోతే మేక బతికి లేస్తుంది. వంటవాడు కదలడం లేదు. డ్యూటీ రిపోర్టు రాస్తున్న హవల్దారు పెన్సిలు గాల్లోనే ఉంది. ఆపరేటరు చేతితొడుగు తీసి, కాయను వేళ్ళ మధ్య నొక్కాడు.

టప్.

రెండు గింజలు. నమిలాడు. ఎంతసేపు నమిలాడో. మింగాడు. ఎనిమిదిమందిమి అతని గొంతు వంకే చూస్తున్నాం. అర నిమిషం. ఒక నిమిషం. లోపలే నిలిచాయి.

"ఏం జూస్తావు, మేకను పెట్టు" అన్నాడు.

సాయంత్రం నాలుగింటికి డాక్టరు రేడియోలో వచ్చాడు. పేషెంటు ఏమైనా తిన్నాడా అని అడిగాడు.

"ఐదు మేకలు, సార్" అన్నాడు హవల్దారు.

అవతల కాసేపు గరగర. "మళ్ళీ చెప్పండి."

మర్నాటికి హవల్దారే మేకల వైపు చేరాడు. నలభై ఐదేళ్ళవాడు, మేము ఏనాడూ నవ్వు చూడనివాడు, ఒక మేక చచ్చిందా లేదా అని వంటవాడితో గంటసేపు కొట్లాడాడు. కాయలు అయిపోయాయి. వంటవాడు రేషన్ బాదం పప్పులు, టాఫీలు, చివరికి గోలీలంత రొట్టె ముక్కలు మేకలుగా పెట్టాడు. పులి ఏది చంపితే అది ఆపరేటరు కడుపులోకి పోయింది. ఊపిరి తీసుకోవడమే పనైన చోట, చావు బతుకుల మధ్య, తొమ్మిదిమంది గడ్డాలవాళ్ళం ఒక అట్టముక్క మీద తలలు పెట్టుకుని కేకలు వేశాం. ఆ కొండలు చూసినప్పుడు తెరుచుకున్న నోరు, మమ్మల్ని మేము చూసుకున్నప్పుడు మళ్ళీ తెరుచుకుంది.

ఆట మొదలైన ఐదో రోజు పదీ పదికి గాలి నిలిచింది, హెలికాప్టర్ వచ్చింది. ఆపరేటరు తన కాళ్ళ మీద తానే నడిచి ఎక్కాడు. ఎక్కేముందు జేబులోంచి ఒక సెల్లు తీసి చూపించాడు.

"ఒక పులి నాతాన ఉండాది. నేను లేకుండా ఎట్లాడతారో ఆడండి."

తొంభై రోజులు ముగించుకుని గుంతకల్లులో రైలు దిగాను. మా ఊరు చేరేసరికి ఆ ఏడు కూడా వాన లేదు. పంచాయతీ ఆఫీసు అరుగు మీద నాయన, మరో నలుగురు పులి-మేక ఆడుతున్నారు. రాళ్ళతో. పని లేక ఆడుతున్నారని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. సంచి దించి వాళ్ళ పక్కన కూర్చున్నాను.

ఆ మూడో పులి ఇప్పటికీ కొత్తచెరువులోనే ఉంది. ఏటా పోయి అడుగుతాను. ఆటలో గెలుచుకోమంటాడు, ఇవ్వడు.

ఆ అరుగు మీద ఇప్పుడు నేను ఆడుతున్నాను. పులి మేకను దాటిన ప్రతిసారీ నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. తెల్లటి వెలుతురు, చేతితొడుగు తీసిన రెండు వేళ్ళు, గాల్లో ఆగిన పెన్సిలు. రాయికి తొక్క ఉండదు. అయినా నాకు వినిపిస్తుంది, టప్ అని.