మొదలు గుర్తు

కర్ర కొసన నాన్న పెట్టిన బొగ్గు గుర్తు దానంతటది చెరిగిపోలేదు. నేనే చెరిపాను. ఈ మాట అమ్మకి కూడా చెప్పలేదు. ఆ రోజు డైరీలో వాన గురించి రాసి ఊరుకున్నాను.

నాన్న చోడవరంలో గుమ్మాలు చెక్కుతాడు. ఇప్పుడు మిషన్లు పూటకో గుమ్మం చెక్కేస్తున్నాయి. అన్నిటిమీదా అదే పద్మం, అదే చిలక. రావికమతం దగ్గర ఇల్లు కడుతున్న ఒక రైతు మాత్రం, తల్లి పట్టుదల వల్ల, చేత్తో చెక్కిన గుమ్మం కావాలని వచ్చాడు. పాత లతలు కాకుండా వాళ్ల పొలంలో చెరకే చెక్కుతానన్నాడు నాన్న. "ముహూర్తానికి అందకపోతే మిషను గుమ్మం తెచ్చెస్తాను మేస్త్రీ, ఆనక ఏటీ అనుకోకు" అని చెప్పి వెళ్లాడు రైతు. ఆ ఏడాది నాన్న ఉలికి దొరికిన పని అదొక్కటే.

కుడివైపు నిలువు కర్ర పూర్తయిన రోజే ఉలి జారి నాన్న బొటనవేలు తెగింది. కుట్లు పడ్డాయి. ఎడమవైపు కర్ర మీద, కింది మూరెడు మేర చెరకు మొక్క ఇంకా చెక్కాలి. నాన్న కట్టున్న చేత్తోనే ఉలి నా వైపు తోశాడు. డైరీ వెనక పేజీల్లో నేను వేసుకున్న బొమ్మలు ఆయన ఎప్పుడు చూశాడో తెలీదు.

మేం చర్చికి వెళ్లేవాళ్లం, మాకు ముహూర్తాలు లేవు. కానీ చెట్టుగా ఎలా నిలబడిందో గుమ్మంలోనూ కర్ర అలాగే నిలబడాలి, వేరు వైపుండే మొదలు కిందికే ఉండాలి అనేది నాన్న ఏనాడూ తప్పని నియమం. అందుకే మొదలు వైపు బొగ్గుతో అడ్డగీత పెడతాడు.

వాన జల్లుకి కర్రను వసారాలోకి లాగినప్పుడు అది అటుదిటు తిరిగింది. నేను చూసుకోలేదు. రెండో రోజు ఆకు ఈనెలు తీస్తూ తలెత్తితే, అవతలి కొసన గీత కనబడింది. నేను చెక్కుతున్నది పైకొస మీద. చెప్తే ఉలి మళ్లీ నా చేతికి రాదనిపించింది. గరుకు కాగితంతో గీతను రుద్దేశాను.

ముహూర్తం రోజు పొద్దున్న ఆటోలో కర్రలతోపాటు నేనూ వెళ్లాను. ఇంకా గంట ఉంది. రైతు తల్లి కర్రల చుట్టూ తిరిగి, "మొదలెటు బాబూ?" అంది.

నాన్న ఒక కొస చూశాడు, ఇంకో కొస చూశాడు. గీత లేదు. తాపీవాళ్లచేత కర్రను సరిగ్గా నడిమికి ఇటుక మీద పెట్టించి, వదిలెయ్యమన్నాడు. మొదలెప్పుడూ బరువు, అటే వాలుతుంది. అంతా తెలిసీ, నా చెరకు వైపే వాలాలని కోరుకున్నాను. కర్ర క్షణం కదల్లేదు. తర్వాత నా చెరకు మెల్లగా గాల్లోకి లేచింది.

"ఏటి మేస్త్రీ, తలకిందులుగా సెక్కేవా! ఇన్నేళ్లూ నేర్సుకున్నది ఇదేనా?" రైతు గొంతు పెంచాడు.

"మిషనోడి దగ్గరికెల్లు బాబూ, ఆడు సక్కగా తలకిందులు సేసిస్తాడు" అని తాపీ ఆయన నవ్వాడు.

రైతు నవ్వలేదు. ఫోన్ తీశాడు.

"తప్పు నాదే" అన్నాడు నాన్న.

పరాయివాళ్ల ముందు నా పేరు చెప్పడానికే నాకు చెమటలు పడతాయి. "నేను సెక్కేను" అన్నాను. ఎవరికీ వినపడలేదు. మళ్లీ అన్నాను.

"ఈ ఆడగుంటా?" ముసలమ్మ దగ్గరికొచ్చి ఆకు మీద వేలు రాసింది. "సెరుకు సెరుకునాగే ఉంది. కానీ నా గుమ్మంలో సెరుకైనా తలకిందులుండకూడదు, కర్రైనా ఉండకూడదు."

నాన్న చిత్రిక తెచ్చి నా చేతిలో పెట్టాడు. "తీసెయ్."

రెండు రోజులు చెక్కిన ఆకులు చుట్టలు చుట్టుకుంటూ నా పాదాల మీద పడ్డాయి. ముహూర్తానికి కర్ర నిలబడింది, మొదలు కిందికి.

"ఇంక బోసిగానే ఉంటాదేటి?" అన్నాడు రైతు.

"నిలబడ్డాకైనా సెక్కొచ్చు బాబూ. పది రోజులియ్యి."

"ఇయ్యరా" అంది తల్లి. రైతు ఫోన్ జేబులో పెట్టాడు.

తిరుగు ఆటోలో నాన్న కట్టు సర్దుకున్నాడు. చోడవరం దగ్గరపడుతుండగా, రోడ్డు వైపే చూస్తూ అన్నాడు:

"ఆ సెరుకు నువ్వే సెక్కాల. నిలబడ్డ కర్రకి మొదలెటో సెరపడానికుండదు గదే."