సారమ్మ పడవ

తెల్లారగానే సారమ్మ చీర ఎగ్గట్టి గోదాట్లో నడుంలోతుకు దిగి, రేవులో కట్టేసిన తన చెక్క పడవ అడుగును అరచేత్తో తడుముతుంది. ఎప్పుడూ నీళ్లలోనే ఉండే పడవకు పాచి పడుతుంది. దాన్ని కొబ్బరి చిప్పతో గీకుతుంది. ఏటా ఎండాకాలం ఒడ్డుకు లాగించి తారు పూస్తుంది. రేవు రాళ్లకు కొట్టుకోకుండా పక్కన మూడు పాత టైర్లు వేలాడదీసింది. ఊరివాళ్లు అవతలి ఒడ్డున ఉన్న దవాఖానాకు పోయేది ఆ పడవలోనే. ఒకరోజు చూస్తే టైర్లు లేవు. పలక ఒకటి పగిలి లోపలికి నీళ్లూరుతున్నాయి. ఇసుక మోసే ఇనుప పడవ నడిపే వీరబాబు ఆ టైర్లను తన పడవకు కట్టుకున్నాడు. సారమ్మ వెళ్లి నిలదీసింది.

"పాత టైర్లకు గింత లొల్లేందక్కా?" అని నవ్వాడు.

సారమ్మ వాడి మణికట్టు పట్టి లాక్కొచ్చి, పగిలిన పలక మీద వాడి వేళ్లు అదిమిపట్టింది. "నిరుడు వరదల్ల నీ పెండ్లాం నొప్పులతోని గీ పడవలనే పండుకోని దాటిందిరా! నీ ఇనుప పడవ గప్పుడు ఒడ్డెక్కి కూసున్నది. ఇయ్యాల ఇంకొకతికి నొప్పులొస్తే నేనెట్ల దాటియ్యాలె?"

వీరబాబు నవ్వు ఆగిపోయింది. టైర్లు విప్పుకొచ్చి, తలెత్తకుండా ఆమె పడవకు కట్టాడు. అతను వెళ్లేదాకా సారమ్మ కదలకుండా చూసింది. తర్వాత ఆ ముడులన్నీ విప్పేసి, పళ్లు బిగించి, తన చేత్తో మళ్లీ కట్టుకుంది.