దారూ చాలు

గోవిందరావు మావకు అతని అన్న శంకరరావు చేసిన అన్యాయం తల్లి పాడె పక్కనే జరిగింది. తల్లికి చిన్నకొడుకు కొరివి పెట్టడం ఆ ఇంటి ఆచారం. చిన్నకొడుకు గోవిందరావే. ఆమె ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ మంచం పక్కనే కూర్చున్నాడు, చుక్క ముట్టలేదు. కానీ నోట్లో యాలక్కాయ ఉంది. మందు వాసన కప్పిపుచ్చుకోవడానికి ఏళ్ళ తరబడి నమిలిన అలవాటు, మందు లేని రోజున కూడా నోటిని వదల్లేదు.

"ఏదీ, హా అను," అన్నాడు శంకరరావు అందరి ముందూ.

గోవిందరావు నోరు తెరిచి హా అన్నాడు.

"యాలకులు! ఇంకేటి సాచ్చికం కావాల?" అని శంకరరావు నిప్పుకుండ తానే పట్టుకుని నడిచాడు.

తాగలేదని గోవిందరావు ఎంత మొత్తుకున్నా ఒక్కరూ నమ్మలేదు. భార్య నూకమ్మ కూడా నమ్మలేదు. ఆ తర్వాత అతను నిజంగానే పూటుగా తాగడం మొదలుపెట్టాడు. హిందీ మాట్లాడే ఈ ఉక్కు ప్లాంట్ ఊళ్ళో, రుఆబాంధా కాలనీలో మాది వాళ్ళ పక్క క్వార్టర్. "నమ్మనప్పుడు తాగకుండా ఉండీసి ఏటి లాభం రా?" అనేవాడు. ఆ మాట నాకు నచ్చేది. ఈ ఊరి మీద నాకున్న కోపానికి అది సరిగ్గా అతికేది.

రోజూ షిఫ్టు దిగి వచ్చే మనిషిని నూకమ్మత్త గుమ్మంలోనే ఆపి "హా అను" అనేది. ఒక ఆదివారం నన్ను పిలిచింది.

"బావూ, తాగుడు మానీసినోల్లు సెక్టర్ ఫోర్‌లో మీటింగ్ ఎట్టుకుంతారట. మీ మావని బండి మీద తీసుకెల్లు. ఇదీ అవకపోతే నాను రాయపూర్ రజని కాడికి ఎలిపోతాను. మరి రాను." రజని వాళ్ళ కూతురు. అత్త గొంతులో ఏడుపు లేదు, అందుకే భయమేసింది.

దారిలో మావ ఒకచోట బండి ఆపించి, గోడ వెనక్కి వెళ్ళి, యాలక్కాయ నములుతూ వచ్చాడు.

మా ఊళ్ళో మీటింగంటే యూనియన్ మీటింగే. పాన్‌షాపు వాడిని అడిగితే అక్కడికే పంపాడు. రిటైరైనవాళ్ళు పింఛను గురించి అరుచుకుంటున్నారు. మావ కాసేపు తల ఊపుతూ విని, చప్పట్లు కూడా కొట్టాడు. "మంచి మీటింగేరా. తాగుడు ఊసే ఎత్తనేదు," అన్నాడు. బయట ఊడుస్తున్న ముసలావిడ మా తిప్పలు విని నవ్వి, పాత బడి వెనక గది చూపించింది.

పెద్ద గదేమీ కాదు. ఒక సున్నపు గోడ, టీ కెటిల్, పిల్లలు కూర్చునే బెంచీలు. ఈ ఊళ్ళో మనిషిని పేరుకన్నా ముందు ఏ డిపార్ట్‌మెంట్ అని అడుగుతారు. ప్లాంట్‌లో ఉద్యోగం రాని నాబోటివాడికి అది చెంపదెబ్బ. అక్కడ ఎవరూ అడగలేదు. పెద్ద హోదాలో పనిచేసి దిగిన ఒకాయన, మీటింగ్ నడిపే ఆటోడ్రైవర్ సంజయ్ భయ్యాకి టీ పోస్తున్నాడు. ఒక్కొక్కరూ లేచి పేరు చెప్పి, తాము పెళ్ళాం గాజులు ఎలా అమ్మారో, కన్నబిడ్డని ఎక్కడ మరిచిపోయారో చెబుతున్నారు. ఎవరూ సలహా ఇవ్వడం లేదు, ఎవరూ అసహ్యించుకోవడం లేదు. ఎన్ని పుస్తకాలు చదివినా, మనుషులు ఒకరి మాట ఒకరు అలా వినడం నేనెక్కడా చూడలేదు.

మావ వంతు వచ్చింది. మానేశానని హిందీలో అబద్ధం చెప్పడానికి దారంతా సాధన చేశాడు. లేచాక హిందీ మాట గుర్తురాక, చివరి మాట తెలుగులో జారింది.

"మేరా నామ్ గోవింద్. దారూ... చాలు."

వాళ్ళకు 'చాలూ' అని వినబడింది. హిందీలో, మందు ఇంకా నడుస్తూనే ఉందని. గది మొత్తం చప్పట్లు కొట్టింది. "సచ్ బోలా భాయ్," అన్నాడు సంజయ్, కళ్ళు తడిగా. "చాలూ హై, ఫిర్ భీ ఆయా."

మావ కూర్చుని నా చెవిలో, "చాలన్నాను గదరా, ఆ భాయ్ ఏటంతన్నాడు?" అన్నాడు.

"నువ్వు ఇంకా తాగుతున్నానని చెప్పావనుకున్నారు మావా. అయినా వచ్చావని, నిజం చెప్పావని మెచ్చుకుంటున్నారు."

అతని దవడ కదలడం ఆగిపోయింది. నిజం చెప్పిననాడు తోడబుట్టినవాడే నమ్మలేదు. ఇవాళ అబద్ధమాడబోతే, ముక్కూ మొహం తెలియనివాళ్ళు అందులోంచి నిజాన్ని విని నెత్తిన పెట్టుకున్నారు. యాలక్కాయ చేతిలోకి ఊసి, మళ్ళీ లేచాడు. ఈసారి హిందీ తడబడలేదు. వచ్చే దారిలో కూడా తాగానని చెప్పాడు. సంజయ్ తన టీలో సగం ఇంకో గ్లాసులో పోసి అతని చేతిలో పెట్టాడు.

ఆ రోజుతో మానేశాడని రాస్తే అబద్ధం. రెండుసార్లు జారాడు. రెండుసార్లూ ఆ గదికే వెళ్ళి 'చాలూ' అని ఒప్పుకున్నాడు. తెలుగు 'చాలు'కి అర్థం తెలిశాక, ఇప్పుడు సంజయ్ అతన్ని పలకరించడం "చాలు యా చాలూ?" అనే, ఆపావా నడుస్తోందా అని. నూకమ్మత్త రాయపూర్ వెళ్ళలేదు. అలాగని గుమ్మంలో పరీక్షా మానలేదు.

ఈమధ్య స్మృతి నగర్ బజారులో కూరగాయల సంచితో కనిపించాడు. నోట్లో యాలక్కాయ లేదు. అత్త ఎలా ఉందని అడిగాను.

"నిన్న ఎప్పట్లాగే గుమ్మంలో నిలబడ్డాన్రా. అది తాలింపు ఏస్తంది. తలెత్తనేదు, హా అనమన్నేదు. నాకే ఏటో తోచక, దగ్గరికెల్లి హా అన్నాను. 'ఎల్లవయ్యా, పోపు మాడిపోతంది' అంది."