తుమ్మచెట్టు దగ్గర ఆగని సైకిలు

కనకరత్నానికీ నాంచారమ్మకీ బోణీ దగ్గర గొడవైందనీ, ఇద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకున్నారనీ, సైకిలెక్కాక కనకరత్నానికి కళ్ళు నెత్తికెక్కాయనీ పాలకాయతిప్ప నుంచి నాగాయలంక దాకా చెప్పుకుంటున్నారు. అవనిగడ్డ బస్సులో ఒకావిడైతే తన కళ్ళతో చూసినట్టే చెప్పింది. అదంతా ఉత్తమాట. వాళ్ళిద్దరూ పల్లెత్తు మాట అనుకోలేదు. అనుకుని ఉంటే బాగుండేది. తిట్టుకున్నవాళ్ళు మర్నాటికి కలిసిపోతారు.

ఇద్దరిదీ పాలకాయతిప్పే. డెబ్బై ఏడులో ఉప్పెన వచ్చిన మరుసటేడు నుంచి కలిసి చేపలమ్ముకున్నారు. తెల్లారి పడవలొచ్చాక చేపలు సత్తు బేసినల్లో సర్దుకుని, కరకట్ట మీద ఆరు కిలోమీటర్లు నడిచి, పైన ఉన్న రైతుల ఊరికెళ్ళేవాళ్ళు. నెత్తిన బరువు మోసినవాళ్ళకి తెలుస్తుంది, నిండు బేసిన ఎవరికి వాళ్ళు ఎత్తుకోలేరు. ఇంకో చెయ్యి ఉండాలి. ముందు నాంచారమ్మ కనకరత్నానికి ఎత్తేది. ఆ తర్వాత కనకరత్నం నెత్తిమీది బేసిన కదలకుండా మోకాళ్ళు వంచి, నాంచారమ్మకి ఓ చెయ్యి అందించేది. సగం దారిలో తుమ్మచెట్టు దగ్గర ఇద్దరూ దించుకుని, మెడలు సర్దుకుని, ఇంత పొగాకు బుగ్గన పెట్టుకుని, మళ్ళీ ఒకరికొకరు ఎత్తుకునేవాళ్ళు. ఊళ్ళో బోణీకి కూడా వంతు ఉండేది. ఇవాళ ఈవిడ ముందు కేకేస్తే రేపు ఆవిడ. ఇరవై ఏళ్ళకి పైగా ఆ వంతు ఎవరూ తప్పలేదు.

తొంభై తొమ్మిదిలో కట్ట మీద తారేశారు. అదే ఏడు కనకరత్నం కూతురు దివ్యశ్రీ పెళ్ళై నాగాయలంక వెళ్తూ తన లేడీస్ సైకిలు ఇక్కడే వదిలేసింది. దాని మీద కన్ను పడింది ముందు నాంచారమ్మకే.

"ఒసే రత్నం, ఇది తుప్పు పట్టిపోతే ఏం లాభం? నేర్చుకోవే."

"నలభై రెండేళ్ళొచ్చాక సైకిలేంటి వదినా? నువ్వే నేర్చుకో."

"నా మోకాళ్ళు నడవడానికే మొరాయిస్తున్నాయి. నువ్వెక్కు, నేను పట్టుకుంటా."

సాయంత్రం పూట పట్టుకునేది. కొంగు బిగించి, క్యారేజీ పట్టుకుని, ఆ మోకాళ్ళతోనే వెనకాల పరిగెత్తేది. కనకరత్నం మొగుడు అయ్యప్ప వల అల్లుతూ చూసి, "సర్కస్ వాళ్ళొచ్చారు, టిక్కెట్టెంత?" అనేవాడు.

"పట్టుకున్నావా వదినా?"

"పట్టుకున్నానే. ముందుకి చూడు, నా మొహం ఎక్కడికీ పోదు."

"వదిలెయ్యకు!"

"వదల్లేదంటే నమ్మవే!"

ఆ మాట పది గజాల వెనక నుంచి వినపడింది. అప్పటికే వదిలేసింది. కనకరత్నం అలా వెళ్తూనే ఉంది.

ఆ దారి అలాంటిది మరి. ఎత్తు లేదు, పల్లం లేదు, చాప పరిచినట్టుంటుంది. ఒక పక్క మడ అడవి, రెండో పక్క జమ్ము పెరిగిన నీళ్ళు. బురద మీద చిన్న చిన్న చేపలు గెంతుతుంటాయి. లకుముకి పిట్ట కరెంటు తీగ మీద కూర్చుని తొంగి చూస్తుంటుంది. ఎర్రపీతలు రోడ్డు దాటుతుంటే చక్రం పక్కకి తప్పించడం ఒక్కటే పని. నాలుగు తొక్కులు తొక్కితే చాలు, సైకిలు దానంతటదే జారిపోతుంది. పొద్దున్న చల్లగా ఉంటుంది, వచ్చేటప్పుడు సముద్రం గాలి మొహానికి కొడుతుంది. నెత్తిన ఏమీ లేకుండా ఆ కట్ట మీద వెళ్ళడం కనకరత్నానికి జన్మలో మొదటిసారి. ఆ కొంగలు, ఆ నీటికాకులు ఎప్పుడూ ఉన్నవే. కానీ బరువు మోసే మనిషి తలెత్తి చూడలేదు కదా.

"నువ్వు పట్టుకున్న క్యారేజీ మీదే నిన్నెక్కించుకుని తిప్పుతా వదినా," అంది సంబరంగా.

"తిప్పుతావులే. బేసిన ఎక్కడ పెడతావు, నా నెత్తినా?" అని నాంచారమ్మ పకపకా నవ్వింది.

చివరికి అలాగే అయింది. క్యారేజీ మీదకి బేసిన ఎక్కింది, నాంచారమ్మ నేల మీదే ఉండిపోయింది. మొదట్లో కనకరత్నం సైకిలు నడిపించుకుంటూ పక్కనే వెళ్ళేది. తర్వాత ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఒడ్డున నాంచారమ్మకి బేసిన ఎత్తి, తను సైకిలు మీద ముందెళ్ళి, తుమ్మచెట్టు దగ్గర ఆగేది. నాంచారమ్మ వచ్చి దించుకుని, కాస్త సేద తీరాక మళ్ళీ ఎత్తేది. రెండేళ్ళు అలా నడిచింది. రేపెక్కిస్తా, ఎల్లుండెక్కిస్తా అన్న మాట మాత్రం మాటగానే ఉండిపోయింది.

రెండువేల ఒకటి ఎండాకాలం. ఆ రోజు బోణీ వంతు నాంచారమ్మది. కనకరత్నం చెట్టు దగ్గర ఆగింది. కాసేపు చూసింది. క్యారేజీ మీద రొయ్యలు, ఎండ చురుక్కుమంటోంది. ఊరి మొదట్లో నిలబడి అక్కడ చూద్దాంలే అనుకుని తొక్కేసింది. ఊరి మొదట్లో రైతు గోవర్ధనరావుగారి భార్య ఇందిరగారు గుమ్మంలోనే ఉన్నారు.

"రత్నం, మా ఇంటికి చుట్టాలొచ్చారు. రొయ్యలేనా? ఇటు తే."

"నాంచారమ్మ వదిన వస్తోందండీ, ఇవాళ బోణీ..."

"ఆవిడొచ్చేదాకా చుట్టాల్ని పస్తుంచమంటావా ఏంటే?"

ఇచ్చేసింది. ఒక ఇంట్లో ఇచ్చాక పక్కింటివాళ్ళు ఊరుకుంటారా? గంట తిరిగేసరికి బేసిన ఖాళీ. ఊరికీ చేపలు సరిపోయాయి.

తిరిగి వస్తుంటే తుమ్మచెట్టు కింద నాంచారమ్మ కనిపించింది. కనకరత్నం అక్కడే ఎక్కడో ఉంటుందన్న నమ్మకంతో, ఒక్కతే ఎలా దించిందో ఏమో, రోజూ లాగే బేసిన దించేసుకుంది. ఎత్తేవాళ్ళు లేరు. ఆ దారిన రొయ్యల చెరువులకెళ్ళే కూలీలు అప్పటికే వెళ్ళిపోయారు. బేసిన్లోని సావిడాయి చేపల మీద తడిగోనె కప్పి, గంట సేపుగా ఎండలో కూర్చుంది. దూరం నుంచి సైకిలు చూడగానే లేచింది. చుట్టకుదురు నెత్తిన సర్దుకుంది. వంగి బేసిన అంచు పట్టుకుంది, రెండో అంచు కనకరత్నం పట్టుకుంటుందని.

కనకరత్నం అది చూసింది. బోణీ ఎవరిచ్చారే అని అడిగితే? ఊళ్ళో ఇంక కొనేవాళ్ళు లేరని ఎలా చెప్పాలి? ఏం చెప్పాలో తేలేలోపు తల మడ అడవి వైపు తిప్పేసింది, కొంగల్ని చూస్తున్నట్టు. కాళ్ళు తొక్కడం మానేశాయి. ఆపుదామనే అనుకుంది. సైకిలు మాత్రం మెత్తగా, చప్పుడు లేకుండా చెట్టు దాటి వెళ్ళిపోయింది.

"ఆ రోడ్డుకి ఎక్కడన్నా ఒక్క మెరకుంటే దిగేదాన్ని," అని ఇప్పటికీ అంటుంది. "దిగితే మొహం చూసేదాన్ని."

ఇంటికెళ్ళి బేసిన దించిందో లేదో, మళ్ళీ సైకిలెక్కి ఎదురు తొక్కింది. చెట్టు కింద ఎవరూ లేరు. తారు మీద బేసినంత గుండ్రటి తడి మరక, నాలుగు పొలుసులు, వాటికి పట్టిన చీమలు. ఎవరు ఎత్తారో ఇప్పటికీ తెలీదు.

మర్నాడు ఒడ్డున దగ్గరికెళ్ళింది. "వదినా, నిన్న..."

నాంచారమ్మ చేపలు ఏరుతూనే అంది, "నిన్న కొంగలు బాగా వచ్చినట్టున్నాయే?"

అంతే. కోపంగా కూడా అనలేదు. ఆ వారంలోనే బందరు దగ్గర గిలకలదిండిలో ఉన్న తమ్ముడు పెద్దిరాజు ఇంటికి వెళ్ళిపోయింది.

రెండు నెలలు చూసి కనకరత్నం బస్సెక్కి బందరు వెళ్ళింది. గిలకలదిండి హార్బరు దగ్గర జనంలో నాంచారమ్మ కనపడింది. ఎవరో ఆడమనిషి ఆవిడకి బేసిన ఎత్తుతోంది. ఎత్తాక ఇద్దరూ ఏదో అనుకుని నవ్వుకున్నారు. కనకరత్నం మంచుగడ్డల బండి పక్కన నిలబడి చూసి, పలకరించకుండానే తిరుగు బస్సెక్కింది. ఇది రెండో తప్పు. మొదటిది సైకిలు మీద తోసేసినా, దీన్ని దేని మీదా తొయ్యలేదు.

ఇప్పుడు బేసిన క్యారేజీ మీద పెట్టడం లేదు. చిన్న గంప ఒకటి హ్యాండిలుకి కట్టుకుంటోంది. హ్యాండిలు బరువెక్కి సైకిలు అటూ ఇటూ తూలుతోంది, చేపలు సగమే పడుతున్నాయి. క్యారేజీకి పాత చీర మడతలు పెట్టి కుట్టిన మెత్త కట్టింది. దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వదు, ఆఖరికి కూతుర్ని కూడా.

ఈ మధ్య గుడివాడ నుంచీ బందరు నుంచీ సరదాకి సైకిళ్ళు తెచ్చుకుని ఆ కట్ట మీద తొక్కుతున్నారు. మొన్న వందన అనే అమ్మాయి, తుమ్మచెట్టు దగ్గర దిగి సైకిలు నడిపిస్తున్న కనకరత్నాన్ని చూసి ఆగింది.

"రోడ్డు ఇంత బాగుంది కదా ఆంటీ, నడుస్తున్నారేంటి? టైరు పోయిందా?"

"టైరు బానే ఉందమ్మా. ఇక్కడ దిగాలి."

"ఎందుకు?"

"ఒకసారి దిగలేదు," అని చెట్టు దాటేదాకా నడిచి, మళ్ళీ ఎక్కింది.

మీరు గిలకలదిండి వెళ్తే, పెద్దిరాజు అక్క నాంచారమ్మ ఎవరని అడిగి, క్యారేజీ మీద మెత్త ఉందని ఒక్క మాట ఆవిడ చెవిన వెయ్యండి. పాలకాయతిప్ప వైపు వెళ్తే పొద్దున్నే వెళ్ళండి. తుమ్మచెట్టు దగ్గర సైకిలు దిగి నడిచే మనిషే కనకరత్నం. గొడవ సంగతి అడక్కండి. ఎలా ఉన్నావమ్మా అని పలకరించి, ఆ క్యారేజీ మీద ఎవరన్నా కూర్చున్నారేమో ఒకసారి చూసి రండి.