తెరచాప పడవకు నేను రాసిన షరతు

1982 జూన్‌లో వరంగల్ బ్రాంచిలో అసిస్టెంట్ ఆఫీసరుగా చేరాను. అది ఒక సాధారణ బీమా సంస్థ. సాధారణ బీమా అంటే మనుషుల ప్రాణాలకు కాక వాహనాలకు, సరుకుకు, పశువులకు చేసే బీమా. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌లో శిక్షణ ముగించుకుని వచ్చిన నాకు అప్పుడు ఇరవై నాలుగేళ్లు. రెండేళ్ల ప్రొబేషన్, అది ముగిశాకే ఉద్యోగం ఖాయం చేస్తారు. బ్రాంచికి వచ్చే పని నాలుగు రకాలు: లారీలు, మిర్చి పత్తి గోదాములు, కొత్తవాడ కాశిబుగ్గల్లోని మగ్గాలు, బ్యాంకు లోన్లతో కొన్న బర్రెలు. నాలుగింటికీ నాలుగు చెక్‌లిస్టులు టైపు చేయించి బల్ల మీది అద్దం కింద పెట్టుకున్నాను. బర్రె చెవికి కొట్టే బిళ్ల ఏ చెవికి, అంచు నుంచి ఎన్ని అంగుళాల లోపల అన్నది కూడా అందులో ఉండేది.

అక్టోబర్ మొదటి వారంలో ఏటూరునాగారం వైపు నుంచి సమ్మయ్య అనే పడవ నడిపేవాడు, భార్య రాజవ్వతో వచ్చాడు. ఆయనకు యాభై ఏళ్లుంటాయి. అప్పటికి అక్కడ గోదావరి మీద వంతెన లేదు. అవతలి ఒడ్డున పండిన మిర్చి పడవల్లో ఇవతలికి వచ్చి, లారీ ఎక్కి వరంగల్ మార్కెట్‌కు చేరేది. ఎరువులు ఇటునుంచి అటు పోయేవి. ఉన్న పాత పడవ పనికి రాకుండా పోతే సమ్మయ్య బ్యాంకు లోనుతో కొత్తది కట్టించుకున్నాడు. ముప్పై రెండడుగుల పొడవు, మద్ది పలకలు, టేకు స్తంభం, ఒకే తెరచాప. ఆ తెరచాప గుడ్డను కొత్తవాడలో జంఖానాలు నేసే మగ్గం మీద ప్రత్యేకంగా నేయించాడు. పడవకు బీమా ఉండాలని బ్యాంకు పట్టుబట్టింది.

మా బ్రాంచి మేనేజర్ నరహరి గారు కాగితం చూసి నవ్వారు. "వరంగల్‌ల కూసోని పడవకు ఇన్సూరెన్సా? ఇయ్యాల పడవ తెచ్చిండ్రు, రేపు ఇంకోడు విమానం తెస్తడు." తర్వాత కాగితం నా వైపు జరిపారు. "నువ్వు ఇంజనీర్‌వు గద, నువ్వే సూడు."

నేను కోస్తాలోని మా సంస్థ ఆఫీసుకు రాశాను. వాళ్లకు నాటు పడవలకు బీమా చేయడం అలవాటే. పది రోజుల్లో నమూనా పాలసీ పంపారు. అందులో ఎంచుకోవడానికి మూడు రకాలున్నాయి. పడవ పూర్తిగా పోతేనే పరిహారం ఇచ్చేది మొదటిది. దానికి తోడు, మునిగిన పడవను పైకి తీయడానికైన ఖర్చు కూడా ఇచ్చేది రెండోది. చిన్నా పెద్దా దెబ్బలన్నిటికీ ఇచ్చేది మూడోది, ప్రీమియం దాదాపు రెట్టింపు. భార్యాభర్తలను పిలిపించి మూడూ వివరించాను. మూడోది తీసుకుంటే మంచిదని నా ఉద్దేశం.

రాజవ్వ ఒప్పుకోలేదు. "చిన్న దెబ్బలకు మీరెందుకు సారూ, మా ఆయన సేతిల సుత్తె లేదా? పడవే పోతె మేమేం జేయాలె, గది చెప్పుండ్రి."

"పడవ పోతదని ముందుగాలే అంటవేందే," అన్నాడు సమ్మయ్య.

"పోదంటె ఈడికెందుకొచ్చినవ్ మరి? బస్సు కిరాయి ఎక్కువైందా?"

రెండో రకం ఖాయమైంది. బీమా గురించి నేను విన్న వాదనల్లో అంతకన్నా సరైనది అరుదు. సొంతంగా తట్టుకోగల నష్టానికి బీమా అక్కర్లేదు, తట్టుకోలేని దానికే కావాలి. శిక్షణలో ఈ సంగతి మాకు చెప్పడానికి వాళ్లకు రెండు పూటలు పట్టింది.

ఇక షరతులు. పడవల బీమాలో షరతు చాలా కఠినమైనది. దాన్ని తప్పితే, నష్టం వేరే కారణంగా జరిగినా సరే, పాలసీ చెల్లకుండా పోవచ్చు. నమూనాలో నాలుగు ఉన్నాయి: నడిపే హద్దులు, పొద్దుగూకాక ప్రయాణం చేయకపోవడం, పడవ పక్కకు గీసిన బరువు గీత మునిగేంత సరుకు ఎక్కించకపోవడం, పని లేని నెలల్లో పడవను 'ఆ ప్రాంతపు ఆనవాయితీ ప్రకారం' భద్రపరచడం. మొదటి మూడూ నాకు నచ్చాయి. నాలుగోది నచ్చలేదు. ఆనవాయితీ అంటే ఏమిటి, దాన్ని దేనితో కొలవాలి అనిపించింది. ఆ మాటలు కొట్టేసి ఇట్లా టైపు చేయించాను: 'మే ఒకటి నుంచి సెప్టెంబర్ ముప్పై వరకు పడవను ఒడ్డు మీద, నేలకు అడుగున్నర ఎత్తున దిమ్మెలపై, ఎండా వానా తగలకుండా కప్పు కింద ఉంచవలెను.' చదువుకుంటే తృప్తిగా అనిపించింది. ప్రతి మాటనూ టేపు పెట్టి కొలవొచ్చు.

చదివి వినిపించినప్పుడు సమ్మయ్య తల గోక్కున్నాడు. "ఎండకాలం గూడ గట్టు మీదనేనా సారూ? నీళ్లల్ల గాదా?"

"మనిషి లేకుండ నీళ్లల్ల ఇడిసిపెడితే కొట్టుకపోదా?" అన్నాను.

రాజవ్వ ఏదో అనబోయింది. ఆయన ఆమె మోచేయి పట్టి ఆపాడు. "సదువుకున్నోళ్లు రాసిండ్రు, నువ్వూకో." షరతు తప్పితే ఏమవుతుందో నేను మరోసారి, గట్టిగానే చెప్పాను. ఆయన సంతకం పెట్టాడు.

మొదటి ఏడాది ఏ ఇబ్బందీ లేకుండా గడిచింది. 1983 సెప్టెంబర్‌లో, గడువుకు ముందే, అవే షరతులతో పాలసీ రెన్యూవల్ అయింది. అక్టోబర్ రెండో వారంలో బ్యాంకు ద్వారా కబురొచ్చింది: ఎరువుల బస్తాలతో అవతలికి పోతూ సమ్మయ్య పడవ నది మధ్యలో మునిగింది. నలుగురు మనుషులు ఈది బయటపడ్డారు. పడవ దిగువకు కొట్టుకుపోయి బండలకు తగిలి ముక్కలైంది.

ములుగు మీదుగా బస్సులో వెళ్లాను. ఒడ్డున చేరేసిన పలకల దగ్గర సమ్మయ్య కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, తువ్వాలతో పక్కనున్న దుంగ తుడిచి కూర్చోమన్నాడు. నేను కాగితం తీసి వరుసగా ప్రశ్నలు అడిగాను. గీత దాటి సరుకు వేశారా? లేదు, నీళ్లు గీతకు నాలుగు వేళ్ల కిందే ఉన్నాయి. బయలుదేరిన వేళ? పొద్దున తొమ్మిది. గాలి? మామూలే. పడవను ఎండాకాలం ఎక్కడ ఉంచారు?

దీనికి రాజవ్వ జవాబిచ్చింది. "రాండ్రి సూపిస్త," అని గట్టు మీదికి తీసుకెళ్లింది. అక్కడ తాటి కమ్మలతో కప్పిన పెద్ద పందిరి, దాని కింద వరుసగా చెక్క దిమ్మెలు. "మీరు అడుగున్నర అన్నరట, బడి పంతులుతోని సదివిచ్చుకొని బెత్తెలేసి కొలిచి పెట్టిండు. వానకాలం ఒక్క సుక్క పడనియ్యలే. పడవనా ఇది, పెండ్లికూతురా అని ఊరోళ్లంత నవ్విండ్రు."

"జర ఊకోరాదే," అన్నాడు సమ్మయ్య.

"ఏడాదంత ఊకున్న. ఇంకెన్నొద్దులు ఊకోవాలె? సారూ, మా తాతల కాన్నుంచి మిర్చి అయిపోంగనే పడవల రాళ్లు నింపి మడుగుల ముంచి పెడ్తరు. ఎండలు పోయినంక వరదకు ముందుగాల తీసి గట్టు మీదికి గుంజుతరు. పైన వాన తడుపుతది. మద్ది పలక నీళ్లు తాగుతాంటెనే గట్టిగుంటది. ఎండిందంటె పగులుతది. ముంచుదామంటె, కాయితంల లేదు, సారు పైసలియ్యడంటడు ఈయన. మీ కాయితమే ఎండవెట్టింది మా పడవను."

నేను సమ్మయ్య వైపు చూశాను. "మరి అప్పుడే ఎందుకు చెప్పకపోతివి?"

"అడిగిన గద సారూ, నీళ్లల్ల గాదా అని," అన్నాడు. ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. సంగతి గుర్తు చేస్తున్నాడు, అంతే.

సీజన్‌కు పడవను పనిలోకి దించే ముందు ఆయన చేయగలిగింది అంతా చేశాడు. పలకల సందుల్లో నూనె పత్తి కూరి, తారు పూసి, పది రోజులు నీళ్లలో నానబెట్టాడు. సందులు మూసుకున్నాయి. కానీ అడుగు పలకల్లో ఒకటి మేకుల వెంట నిలువునా చీలిన సంగతి తారు కింద కనబడలేదు. బరువు పడగానే అది తెరుచుకుంది. దిగువ రేవులో అదే వయసున్న ఇంకో పడవ, ఏ బీమా లేనిది, ఆ పూట ఎరువులు దాటిస్తూ కనిపించింది. ఇంజనీరింగ్‌లో కలప తేమ గురించి ఒక అధ్యాయం పరీక్షకు చదివాను. మంచి మార్కులే వచ్చాయి.

నష్టాన్ని అంచనా వేయడానికి కోస్తా నుంచి సర్వేయర్ వచ్చాడు. సర్వేయర్ అంటే బీమా సంస్థకూ పాలసీదారుకూ మధ్య నిలబడి కారణం, విలువ తేల్చే లైసెన్సుదారు. ఆయన రిపోర్టు రెండు పేజీలు. పలకలు ఎండి చీలడం వల్ల పడవ మునిగింది, ఇది ప్రమాదం కాదు, నిర్వహణ లోపం, పరిహారం రాదు. తన దృష్టిలో ఆయన తప్పు రాయలేదు.

నరహరి గారు రిపోర్టు చదివి, నా ముఖం కూడా చదివారు. "కారణం సాఫ్‌గ రాసిండు. తిరస్కరిస్తూ ఉత్తరం పెట్టు, ఫైల్ మూసెయ్."

"షరతు నేను మార్చిన సార్. నమూనాల అట్ల లేదు."

"గది ఎవ్వలు అడిగిండ్రు? నువ్వు రాసిస్తె నీ కన్ఫర్మేషన్ ఆగుతది. తమ్మీ, ముందు నీ నౌకరీ సూసుకో." ఆయన బెదిరించలేదు, నిజంగానే నా మేలు కోరి చెప్పారు. నేను రెండు రోజులు ఆ ఉత్తరం టైపు చేయించకుండా ఉంచాను. ఆ రెండు రోజులు వేరే ఫైళ్లు చాలా శ్రద్ధగా చూశాను.

మూడో రోజు రీజనల్ ఆఫీసుకు నోట్ రాశాను. అందులో ఐదు అంశాలు. నమూనాలో ఉన్న షరతు ఇది. నేను అనుమతి లేకుండా మార్చి రాసింది ఇది. పాలసీదారు సంతకానికి ముందే అనుమానం అడిగాడు, నేను వినిపించుకోలేదు. ఆయన షరతును అక్షరాలా పాటించాడు, కొలతలు జతచేశాను. పాటించకపోతే షరతు తప్పాడని నిరాకరించేవాళ్లం, పాటించినందుకు నిర్వహణ లోపమని నిరాకరిస్తున్నాం. చివరి అంశం కొట్టేయమని నరహరి గారు అన్నారు. నేను కొట్టేయకపోయేసరికి, ఆయన మళ్లీ చదివి నిట్టూర్చి, 'సిఫార్సు చేస్తున్నాను' అని కింద సంతకం పెట్టారు. ఆ సంతకం అక్కర్లేకుండానే నోట్ పంపే వీలుంది. ఆయన పెట్టారు.

జవాబు రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ సీజనంతా సమ్మయ్య ఇతరుల పడవ మీద కూలికి గడ వేశాడు. మిర్చి మూటలతో ఒకసారి వరంగల్ మార్కెట్‌కు వచ్చి బ్రాంచి దాకా నడిచొచ్చాడు. "ఏమన్న తెలిసిందా సారూ?" అన్నాడు. ఇంకా లేదన్నాను. "సరే, మీరు ఫికర్ పెట్టుకోకుండ్రి," అని వెళ్లిపోయాడు. ఆ రోజు మధ్యాహ్నం నేను పెద్దగా పని చేయలేకపోయాను.

మార్చిలో రెండు కవర్లు ఒకే టపాలో వచ్చాయి. ఒకటి, పూర్తి నష్టం కింద క్లెయిమ్ చెల్లించమని, బండల్లోంచి దొరికిన స్తంభం, తెరచాప విలువ మాత్రం మినహాయించమని. రెండోది నాకు మెమో: ఆమోదించిన షరతులను ఇకపై ఎవరినీ అడగకుండా మార్చరాదు, కన్ఫర్మేషన్ ఆరు నెలలు వాయిదా. రెండూ న్యాయమైనవే.

ఆ ఏడాది వానల తర్వాత సమ్మయ్య కొత్త పడవ కట్టించి మళ్లీ వచ్చాడు. ఈసారి ఆయన వెనక నిలబడలేదు రాజవ్వ, నా ఎదురుగా కుర్చీలో కూర్చుంది. ఫారం పక్కన పెట్టి, ముందు ఆమెను అడిగాను, ఏ నెలలో పడవను ఏం చేస్తారని. ఆమె చెప్పినంతసేపూ రాసుకున్నాను: మడుగు ఎక్కడ, లోతెంత, రాళ్లెన్ని, ఎవరు కాపలా. ఆ వివరాలతో ఈసారి ముందుగా రీజనల్ ఆఫీసు అనుమతి కోరాను. బీమా చేసిన పడవను యజమానే ఏటా రెండు నెలలు ముంచుతాడా అని వాళ్లు అడిగారు. ముంచితేనే తేలుతుందని ఒక్క వాక్యం రాసి, చీలిన పలక ఫొటో జతచేశాను. అనుమతి వచ్చింది.

ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఇదే వృత్తిలో ఉన్నాను, చాలా షరతులు రాశాను. ఆ ఫైలు నేర్పింది ఇది. షరతును మనం రక్షణ కోసం రాస్తాం, కానీ నమ్మినవాడికి అది ఆదేశం, అతడు దాన్ని చేసి తీరుతాడు. అందుకని ఒక వస్తువు గురించి రాసేముందు, దానితో బతికేవాళ్లు దాన్ని ఎట్లా చూసుకుంటారో అడగాలి. వాళ్లు ప్రశ్నగా చెప్పినా దాన్ని జవాబుగానే వినాలి.