రెండు గంటల వాన

మా దీవిలోని ఫెరార్గంజ్ ఊళ్లో, చెల్లెలి ఇంటికి కాస్త పైన, వాగు దాటే రోడ్డు కింద చిన్న కల్వర్టు కట్టే పని నాకు దక్కింది. నీళ్లు పోవడానికి ఎన్ని పైపులు వేయాలో లెక్క వేసి తెమ్మన్నాడు ఇంజనీరు. ఏళ్లుగా కాంట్రాక్టులు చేస్తున్నవాణ్ణి, ఒకరు చెప్తే వినే రకం కాదు. రోజంతా పడిన వానని ఇరవై నాలుగు గంటలకూ సమానంగా పంచేసి, ఒక్క పైపు చాలని తేల్చేశాను.

ఆ వాన అంకెలు ఇచ్చింది ఊళ్లో వాన కొలిచే రెయిన్‌గేజ్ చూసే పెద్దావిడ. అందరికీ దీదీ. నా కాయితం చూసి ఫక్కున నవ్వింది.

"ఏటి భయ్యా, మన వాన ఇంత పద్ధతిగా పడతాదా? అసలు వాన రెండు గంటలే. జరా సోచో, కాస్త ఆలోచించు."

నాకు తిక్క రేగింది. "మీరు కొలవండి చాలు దీదీ, లెక్కలు నాకొదిలేయండి" అన్నాను.

ఆవిడ లోపల్నించి ఇంకో నోటుపుస్తకం తెచ్చింది. పెరట్లో కొబ్బరి ఎండబెట్టుకుంటుందట, ఎప్పుడు పరచాలో ఎప్పుడు ఎత్తాలో తెలియడానికి, ముసురు పట్టిన రోజుల్లో గంటగంటకీ గేజ్ చూసి పెన్సిల్‌తో రాసుకునేది. ఎవరూ అడగలేదు, ఎవరూ జీతమివ్వలేదు.

అరుగు మీద కూర్చుని పేజీలు తిప్పాను. పెద్ద వాన పడ్డ ప్రతి రోజూ అదే వరస. పొద్దుటినుంచీ సన్నగా తుంపర, నేల తాగగలిగినంతా తాగేశాక, సాయంత్రానికి ఒక్కసారిగా కుమ్మరింపు. ఆ నీళ్లన్నీ వాగులోకే వస్తాయి. నా ఒక్క పైపు మింగలేకపోతే ఆ రోడ్డే గట్టై, వాగు పొంగి, రోడ్డు మీదుగా చెల్లెలి వంటింట్లోకి దిగుతుంది. తప్పు నాదే. ఆ పుస్తకం అడిగి తీసుకెళ్లి, ఇంజనీరు ముందు కూర్చుని లెక్కంతా మళ్లీ వేశాను. మూడు పైపులు తేలాయి.

ఈ ఏడు ఒక సాయంత్రం ఆ వాన రానే వచ్చింది. కల్వర్టు దగ్గరికి పరుగెత్తాను. మూడు పైపులూ నిండుగా పారుతున్నాయి. నీళ్లు రోడ్డెక్కడానికి జానెడే తక్కువ, కానీ ఎక్కలేదు.

తడిసి ముద్దై చెల్లెలి గుమ్మంలో నిలబడ్డాను.

"అన్నయ్యా, ఆ బురద కాళ్లతో లోపలికి రాకు, గచ్చు ఇప్పుడే తుడిచాను!" అని కేకేసింది.

ఆ పొడి గచ్చు చూస్తూ అక్కడే నిలబడిపోయి, దీదీ ఇల్లున్న వైపు తిరిగి దణ్ణం పెట్టాను.